డ్రమ్ములో మలుగు

శుక్రవారం సెలవు కదాని రూమ్ ముందు గొంతుక్కూర్చుని మసాలా నూరుతున్న అంజిని చూడగానే పోచన్న గుండె గుభేలుమంది. భుజాన ఉన్న పెట్టె టిక్ టిక్ మంటోంది మరి!

ఆ పెట్టె చేపల ప్రాజెక్టుది. ఈ గల్ఫ్ దేశంలో అజైబా ఊరి పక్క కొండవాగులో పెరిగిన, పాముల్లా పొడుగ్గా ఉండే మలుగు చేపలు గుడ్లు పెట్టడానికి సముద్రానికి పోతాయి. వాటి వీపున చిన్న రేడియో బిళ్ల కట్టి, ఎన్ని బతికి సముద్రం చేరతాయో చూడటం హైదరాబాదీ ఇక్బాల్ సాబు పని. పెట్టె మోస్తూ ఆయన వెనక నడవడం పోచన్న డ్యూటీ. బిళ్ల కూత ఆ పెట్టెలో వినిపిస్తుంది; మలుగు ఉప్పునీళ్లలో దిగిందా, ఆగిపోతుంది. ఒక్కటి తప్ప కట్టినవన్నీ దారిలోనే చచ్చాయి. మడుగులెండి కొన్ని, కొంగల పాలై కొన్ని. మిగిలిన ఒక్కదాని కూత మొన్న వరద తీశాక వాగు మూతి దగ్గర ఆగింది. సాబు చిన్నపిల్లాడిలా గంతులేశాడు. "చేరింది!" అని పెద్దాఫీసుకు ఫోన్ కొట్టి, మత్రా బజారు నుంచి హల్వా తెప్పించి క్యాంపంతా పంచాడు. అంజి రెండుసార్లు తిన్నాడు, సిగ్గులేనోడు!

ఇప్పుడా కూత మూత తీసిన ఇనుప డ్రమ్ములోంచి వస్తోంది. పోచన్న తొంగి చూశాడు. అడుగున మలుగు చుట్టలు తిరుగుతోంది.

"ఓరి నీ పాడుగాను! దీన్నెక్కడ పట్టినవ్‌రా?"

"మొన్న వాగు మూతికాడ. మన రూమ్ల గంగాప్రసాద్ జరమొచ్చి పీనుగలెక్క అయిండు గదనే. మలుగు పులుసు తాగితే నెత్తురు వడ్తది. మన గోదారి కాడ చేసినట్టే, కోసేదాంక బతికుంచిన."

"వీపు మీద తీగ కనవడలేదా?"

"ఎవని గాలమో తెగి ఇరికిందనుకున్న."

"సాబుకు తెలిస్తే నీ వీసా కొట్టేసి ఇంటికి తోలుతరు. లే, సంచి తడుపు! సముద్రంల ఇడిసొద్దాం."

అంజి సంచి కోసం లేచాడో లేదో, గుమ్మంలో ఇక్బాల్ సాబు జీపు ఆగింది. ఇంకేముంది! అంజి డ్రమ్ము మీద మూత పడేశాడు, పోచన్న పెట్టె ఆపేశాడు.

"పెట్టె ఇయ్యి పోచన్నా, చెక్ చేస్త. వచ్చే వారం కొత్త మలుగులు పట్టాలె."

"బ్యాటరీ అయిపోయింది సాబ్."

"తెచ్చిన." సాబు జేబులోంచి కొత్తది తీసి వేశాడు. పెట్టె గురగురమంది, అంతే. ఇనుప మూత కూతను బయటికి రానీయకుండా కాపాడింది. పోచన్న ఊపిరి పీల్చుకున్నాడు.

అప్పుడే, ఏ పాపమూ తెలియని గంగాప్రసాద్ మొహం కడుక్కుందామని చెంబు పట్టుకుని వచ్చి, నీళ్ల కోసం మూతెత్తాడు.

టిక్. టిక్. టిక్.

సాబు మెల్లగా డ్రమ్ము దాకా నడిచాడు. వంగి లోపలికి చూశాడు.

"నేనే పట్టిన సాబ్," అంజి ముందుకొచ్చాడు. "పోచన్నకు ఏం తెల్వదు."

"బతికే ఉందా?"

"ఉన్నది సాబ్."

"మరి చూస్తవేందిరా? జీపెక్కు!"

తడి గోనెసంచిలో మలుగును అంజి ఒళ్లో పెట్టుకున్నాడు. జీపు సముద్రం ఒడ్డుకు చేరింది. మోకాళ్ల లోతు నీళ్లలో సంచి విప్పితే అది కదలదే! "పోవే తల్లీ, పో," అని అంజి బతిమాలాడు. చచ్చిందనుకున్నంతలో తోక విదిల్చి ఒక్క జారు జారింది. పెట్టె రెండుసార్లు కూసి మూగబోయింది.

అంజి వెనక్కి తిరిగాడు. "నన్ను ఇంటికి తోలుతరా సాబ్?"

ఇక్బాల్ సాబు అతని వంక చూడలేదు.

"ఎందుకు తోలాలె? మలుగు మొన్ననే సముద్రం చేరింది. పెద్దాఫీసుకు నేనే ఫోన్ల చెప్పిన, హల్వా గూడ పంచిన. అవునా, కాదా?"

అంజికి ఎక్కలేదు. పోచన్న డొక్కలో పొడిచాడు.

"అవ్... అవును సాబ్."

"ఇంకోసారి చెప్పు."

"మొన్ననే పోయింది సాబ్," అంటూ అంజి నీళ్లలోనే కూలబడి భోరుమన్నాడు. సాబు అతన్ని లేపబోయాడు. లేవకపోయేసరికి తనూ ఆ నీళ్లలోనే పక్కన కూర్చున్నాడు.