ఎక్కించినవారే దించాలి

నేను ఒక పెన్‌డ్రైవ్‌ని. ఎక్కడో పుట్టి, కాకినాడ బజారులో అట్టకు అంటుకుని వేలాడుతుంటే నూకరాజు మాస్టారు కొని మెడతాడుకు కట్టుకున్నారు. పదకొండేళ్లు ఉప్పాడ జాలర్ల మాటలనూ, వాటి అర్థాలనూ, వాటిని పలికిన ముసలివాళ్ల గొంతులనూ ఏరి, ఒకే పెద్ద ఫైలుగా నాలో దాచారు. "ఇంకో కాపీ పెట్టుకోండి మాస్టారూ" అని ఎవరన్నా అంటే "ఇందులో ఉందిగా!" అని నన్ను తట్టేవారు. ఆ నమ్మకం చూస్తే నాకు భయం వేసేది.

ఆయనకు ఇంట్లో కంప్యూటర్ లేదు. రోజూ గ్రంథాలయానికి వచ్చేవారు. అక్కడి లినక్స్‌తో నడిచే కంప్యూటర్లకు పట్టింపు జాస్తి. నన్ను గుచ్చితే చాలదు, నాలోని ఫైళ్లు కనిపించవు. అన్ని అనుమతులూ ఇచ్చే పెద్ద పాస్‌వర్డ్ ఉన్న ఉద్యోగిని వహీదా వచ్చి నన్ను 'ఎక్కించాలి', పనయ్యాక, నన్ను పీకేముందు ఆమే 'దించాలి'. రోజూ ఆమెను బతిమాలుకోవడం మాస్టారికి నామోషీ. అది కనిపెట్టి వహీదా యంత్రం అమరికల్లో ఒక వాక్యం రాసింది.

"ఇక మీరే ఎక్కించుకోండి మాస్టారూ, నన్ను పిలవక్కర్లేదు" అంది.

పాపం, 'యూజర్స్' అని రాయాల్సిన చోట 'యూజర్' అని రాసింది. 'యూజర్స్' అని ఉంటే ఎవరు ఎక్కించినా ఎవరైనా దించవచ్చు; 'యూజర్' అంటే ఎవరైనా ఎక్కించవచ్చు గానీ, ఎక్కించినవారే దించాలి.

ఒక మధ్యాహ్నం భార్య జారిపడిందని మాస్టారికి ఫోను. సేవ్ నొక్కి, తెరకు తాళం వేసి, నన్ను మరిచి పరుగెత్తారు. సేవ్ అనగానే అంతా నాలోకి వచ్చేయదు; యంత్రం నింపాదిగా రాస్తుంది. నా దీపం ఇంకా మిణుకుమంటూనే ఉంది. ఆ కుర్చీ కోసం కాచుకున్న ఒకావిడ తన పేరుతో లోపలికి వచ్చి నన్ను దించబోయింది. యంత్రం అనుమతి లేదంది. వహీదా ఆరోజు సెలవు.

"ఎవరిదో గానీ, రానంటదేంటిది!" అని ఆవిడ నన్ను పీకేసింది. రాత సగంలోనే తెగిపోయింది.

మూడోరోజు మాస్టారు వచ్చేసరికి ఆ ఫైలు తెరుచుకోలేదు. వహీదా ఎంత ప్రయత్నించినా లాభం లేకపోయింది. కారణం తెలిసి ఏడ్చేసింది.

"తప్పు నాదేనండీ. ఒక్క అక్షరం..."

"ఊరుకోమ్మా. నన్నొకరి ముందు చేతులు కట్టుకోకుండా చేసింది నువ్వేగా" అన్నారాయన.

గుర్తున్నంత మేరకు మళ్లీ మొదలుపెట్టారు. ఒకరోజు 'వానకు ముందు సముద్రం మీంచి వచ్చి వల ఆరనివ్వని గాలి' అని అర్థం రాశారు. దాని పేరు మాత్రం ఎంతకీ గుర్తు రాలేదు. అది చెప్పిన పోలమ్మ పోయిన వేసవిలో చనిపోయింది. మాస్టారు మాట ఉండాల్సిన గడిని ఖాళీగా వదిలేశారు.

ఇప్పుడు నాలో అలాంటి అర్థాలు నూట పన్నెండు ఉన్నాయి. వాటి మాటలే లేవు.