పన్నెండో జత

వరద నీళ్ళు తీసిన మర్నాడు మా పారిశుధ్య జట్టు మేస్త్రీ గుణశేఖరన్ వ్యాన్‌లో రేకుపెట్టె వేసుకొని చెన్నైలో మా వ్యాసర్పాడి వార్డుకు వచ్చాడు. ఆ పెట్టెను చూడగానే నాకు ఒళ్ళు మండింది. అందులో పన్నెండు జతల రబ్బరు బూట్లు, పన్నెండు జతల చేతి తొడుగులు ఉంటాయి. మేం అవి తొడుక్కొని, రిజిస్టర్లో వేలిముద్ర వేసి, చీపుళ్ళతో వరసగా నిలబడితే ఫొటో తీస్తారు. తర్వాత అన్నీ విప్పించుకొని పెట్టెను పక్క వార్డుకు తీసుకుపోతారు. మేం కాళ్ళకు ప్లాస్టిక్ సంచులు కట్టుకొని మురుగులో దిగుతాం. ఆ బూట్లు తిరిగినన్ని వీధులు నేను కూడా తిరగలేదు.

పది రోజుల కిందట మొదటి వానప్పుడూ ఇదే తంతు. ఆ రోజు సంచి చిరిగి మా జట్టులో కన్నియమ్మ ఎడమ పాదంలో గాజుపెంకు దిగింది. పుండు చీము పట్టి, ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. కాంట్రాక్టు కంపెనీ ఆఫీసుకు వెళ్ళి అడిగితే, అక్కడి పెద్దమనిషి రిజిస్టరు నా మొహం మీదికి తిప్పాడు.

"బూట్లు అందినట్టు వేలిముద్ర వేసింది కదమ్మా! ఇచ్చినవి తొడుక్కోకపోతే తప్పెవరిది?"

ఇరవైమూడేళ్ళుగా చూపించిన చోటల్లా వేలు పెట్టాను, పైన ఏం రాశారని ఒక్కసారి అడగలేదు. ఆ సిగ్గు ఇంకా నన్ను వదల్లేదు.

అందుకే ఈసారి వేలు పెట్టేముందు, "పైన ఏముందో గట్టిగా చదువు మేస్త్రీ" అన్నాను.

"ఏంటి అంజలై, కొత్తగా? 'బూట్లు, తొడుగులు అందినవి.' చాలా?"

"చాలు."

పదకొండు మందిమీ వేలిముద్రలు వేశాం. కన్నియమ్మ గడి ఖాళీగా ఉంటే లెక్క కుదరదని మేస్త్రీ తన బొటనవేలే సిరాలో ముంచి అక్కడ ఒత్తాడు. అది నేను చూశాను.

బూట్లన్నీ మగవాళ్ళ కొలతవి. ఇంటి నుంచి తెచ్చిన పాతచీర పీలికలు లోపల కుక్కి, అందరం బిగించుకున్నాం.

"ఫొటోకి ఇంత ముస్తాబా!" అని మేస్త్రీ నవ్వాడు.

ఫొటో అయింది. "ఇక విప్పండమ్మా, పక్క వార్డు పుళియంతోపులో వాళ్ళు కాచుకొని ఉన్నారు" అన్నాడు. ఒక్కరూ వంగలేదు.

"ఏంటే, చెవుడా?"

"మాకు అందినవి మేమెందుకు ఇస్తాం?"

"అంజలై, ఉద్యోగం ఊడుతుంది!"

"పీకెయ్. పదకొండు మందినీ పీకెయ్. బడిలో మరుగుదొడ్లు పొంగి తరగతి గదుల్లోకొచ్చాయి. నువ్వూ, నీ ఫొటో తీసేవాడూ కలిసి ఎత్తిపోయండి."

మా జట్టులో దేశమ్మాళ్ వెనక నుంచి పకపకా నవ్వింది. మేస్త్రీ పక్కకు వెళ్ళి ఆఫీసుకు ఫోను చేశాడు. బూట్లు వెనక్కి తీసుకున్నట్టు రిజిస్టర్లో రాయాలంటే మేం ఉత్త కాళ్ళతో పని చేస్తున్నామని వాళ్ళే ఒప్పుకున్నట్టవుతుంది. ఎంత తిట్టించుకున్నాడో ఏమో, మొహం వేలాడేసుకొని తిరిగొచ్చాడు.

పెట్టెలో మిగిలిన ఒక్క జతనూ ఎత్తుకోబోతే నేను అడ్డం వెళ్ళాను.

"అవి కన్నియమ్మవి."

"ఆమె ఆసుపత్రిలో ఉంది కదా!"

"మరి ఇందాక ఆమె గడిలో వేలిముద్ర ఎవరు వేశారు? ఆఫీసుకొచ్చి అడగమంటావా?"

అతను తన బొటనవేలి సిరాను ప్యాంటుకు తుడుచుకున్నాడు. నేను ఆ జతను చంకలో పెట్టుకున్నాను. నా జన్మలో నేనంత తల ఎత్తుకొని మురుగులో దిగింది లేదు.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళి బూట్లు మంచం మీద పెట్టాను. కన్నియమ్మ వాటిని తడిమి చూసి భయపడింది.

"మళ్ళీ ఎప్పుడిచ్చెయ్యాలక్కా?"

"ఇవ్వక్కర్లేదే. నీవే."

వాటిని ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత కట్టు కట్టిన కాలి వైపు చూసుకొని, "ఎడమదాంట్లో గుడ్డ కాస్త ఎక్కువ కుక్కాలక్కా, రెండు వేళ్ళు తక్కువ కదా" అంది.