ఆక్స్‌డెన్‌కి వెళ్లిన రోలరు

ఆక్స్‌డెన్ పేరెత్తితే నాకు ఒళ్లు మంట. ఇప్పటికీ అంతే, ఏమీ మారలేదు. లోయకి ఆ చివర వాళ్లు, ఈ చివర మేం. మధ్యలో ఒక కొండ, కొండ నిండా గొర్రెలు, ఎప్పుడొస్తుందో దానికే తెలియని ఒక బస్సు. వాళ్లది పసుపు చొక్కా, మా క్రాగ్లీ టౌన్‌ది మెరూన్. మా నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని మొదటిసారి ఆటకి తీసుకెళ్లిన రోజున మమ్మల్ని ఓడించింది కూడా ఆ పసుపు చొక్కాలే. ఆ రంగు నా ఇంట్లో కిటికీ తెరగా కూడా అడుగుపెట్టలేదు.

టీవీలో చూపించే ఫుట్‌బాల్ గురించి కాదు నేను చెబుతున్నది. మా జట్టులో ఒకడు పోస్ట్‌మన్, ఒకడు మాంసం కొట్టువాడు, ఇంకొకడు ఇళ్లకి పైకప్పులు వేసేవాడు. వారమంతా వాళ్ల పని వాళ్లది, శనివారం మధ్యాహ్నం మాత్రం మా వాళ్లు. చూడవచ్చే జనంలో నాకు పేరు తెలియనివాడు కనిపించాడంటే దారి తప్పి వచ్చాడన్నమాటే. నేను టీ కొట్టు చూసుకుంటాను. టీ, మాంసం పై, ఉడికించి మెదిపిన బఠాణీలు. మా ఆయన డెస్మండ్ మైదానం చూసుకుంటాడు. ఊరంతా డెస్ అంటారు. నాతో మాట్లాడిన మాటలకన్నా ఆ గడ్డితో మాట్లాడినవే ఎక్కువ.

ఆ ఏడు ఆగస్టులో వరసగా గెలిచేసరికి మా వాళ్ల కాళ్లు నేలమీద ఆనలేదు. కప్పు పెట్టడానికి అల్మారాలో చోటు చూడమని మా చైర్మన్ నెవిల్ అన్నాడు కూడా. వెధవ నోరు, అన్నాడో లేదో పతనం మొదలైంది. సెప్టెంబరులో గోల్‌కీపర్ మోకాలు పోయింది. అక్టోబరంతా ఓటమే. నవంబరులో ఏదో కొండమీది ఊళ్లో పొగమంచు ఎంతలా కమ్మేసిందంటే, మేం గోలు తిన్న సంగతి అవతలి వాళ్ల కేకలు విని తెలుసుకున్నాం. అయినా ఒక్క ఆట మానలేదు. మా వాళ్లు ఏ గోలు మీద దాడి చేస్తుంటే ఆ గోలు వెనకే నిలబడటం, సగం ఆట కాగానే టీ కప్పులు పట్టుకుని అందరం అవతలి చివరికి నడిచిపోవడం మా పద్ధతి. తడిసి ముద్దయినా నడిచాం. తిట్టుకుంటూ నడిచాం, అది వేరే సంగతి. క్రిస్మస్ మర్నాడు ఆక్స్‌డెన్ చేతిలో కూడా ఓడాం.

ఏప్రిల్ వచ్చేసరికి పట్టికలో అట్టడుగున మిగిలింది మేం, ఆక్స్‌డెన్. ఇద్దరిలో ఒకరు దిగిపోవాలి, కింద జిల్లా లీగులోకి. దిగిపోతే ఏమవుతుందో మాకు బాగా తెలుసు. పక్కనున్న మిల్‌థార్ప్ క్లబ్బు అలాగే దిగింది. కుర్రాళ్లు ఒక్కొక్కడే జారుకున్నారు, మైదానానికి తాళం పడింది, ఇప్పుడక్కడ సూపర్‌మార్కెట్ కార్లు నిలుపుకుంటున్నారు. మాకున్న ఒకే ఒక్క ఆశ మా కెప్టెన్ జోయెల్. పైకప్పులు వేసేవాడని చెప్పానే, వాడే. మేం కొట్టిన గోల్స్‌లో సగానికి సగం వాడివే. పెద్ద క్లబ్బు ఒకటి అప్పటికే కబురు మీద కబురు పంపుతోంది. వాడు పోతే మిగతావాళ్లూ వాడి వెనకే పోతారు. ఒకరోజు కొట్టు దగ్గర ఉండబట్టలేక అడిగేశాను, మనం దిగిపోతే నువ్వుంటావా అని. వాడు కప్పులోకి చూస్తూ టీ కలుపుకుంటూ ఉండిపోయాడు.

మా ఆటలన్నీ అయిపోయాయి. మేం ఆక్స్‌డెన్‌కన్నా రెండు పాయింట్లు ముందున్నాం. వాళ్లకింకా ఒక్క ఆట మిగిలింది, ఆఖరి శనివారం, వాళ్ల సొంత మైదానంలో. గెలిస్తే మూడు పాయింట్లు, మమ్మల్ని దాటేస్తారు. కానీ లీగుకి ఆ రోజే గడువు. ఆట జరక్కపోతే పట్టిక ఎలా ఉందో అలాగే ఉంటుంది, మేం బతికిపోతాం.

ఇక ఆ వారం వాన చూడాలి. సోమవారం పట్టుకుంది, వదిలితే ఒట్టు. జన్మలో ఎప్పుడూ వానని చూసి అంత సంబరపడలేదు నేను. ఆక్స్‌డెన్ మైదానం అసలే పల్లం, నాలుగు చినుకులకే చెరువవుతుంది. శుక్రవారం సాయంత్రం వంటింటి కిటికీ దగ్గర నిలబడి, కురువు తల్లీ, ఇంకా గట్టిగా కురువు అనుకుంటున్నాను. అప్పుడు ఫోను మోగింది.

అవతల రోనీ ఆక్‌రాయిడ్, ఆక్స్‌డెన్ మైదానం చూసేవాడు. మా స్పాంజి రోలరు కావాలట. పెద్ద పీపాకి స్పాంజి చుట్టి ఉంటుంది, నేలమీద దొర్లిస్తే నీళ్లు పీల్చుకుంటుంది. లోయ మొత్తానికి అది మా దగ్గరే ఉంది. మైదానాలు చూసుకునే వీళ్లకొక కట్టుబాటుంది. అడిగిన పనిముట్టు లేదనకూడదు. శనివారం జట్లు కొట్టుకు చచ్చినా సోమవారం వీళ్ల వలలూ గీతలు గీసే బళ్లూ కొండ దాటి వెళుతూనే ఉంటాయి, వస్తూనే ఉంటాయి. అదంతా నాకు తెలుసు. అయినా ఈ ఒక్కసారికీ కట్టుబాటు గట్టున పెట్టాలా వద్దా? నెవిల్‌కి ఎలా తెలిసిందో ఏమో, వెంటనే వాడూ ఫోను చేశాడు. రోలరు చెడిపోయిందని చెప్పెయ్యమన్నాడు. చెడిపోలేదుగా అని మా ఆయన ఫోను పెట్టేశాడు.

శనివారం పొద్దున నేను లేచేసరికి రోలరు వ్యాను ఎక్కేసింది. నేలని పొడిచి నీళ్లు దింపే మొనల పారలు కూడా. మా ఆయన బూట్లు తొడుక్కుంటున్నాడు.

"రోలరు ఇస్తే ఇచ్చావు, పారలెందుకయ్యా?" అన్నాను.

"రోనీకి నడుం బాగాలేదు. ఒక్కడివల్ల అయ్యే పని కాదు."

"నీకు మతి ఉందా? నీళ్లు నిలిస్తే నిలవనీ. మనం బతికేది దానివల్లే."

"నేల చూసుకునేవాణ్ణి. నీళ్లు నిలిచాయని కబురొచ్చాక ఇంట్లో కూర్చుని వాటికి దణ్ణం పెట్టలేనే," అన్నాడు. అంతే.

తిట్టాను. నోటికొచ్చినవన్నీ తిట్టాను. క్లబ్బు గొంతు కోస్తున్నావన్నాను, జోయెల్‌ని నీ చేత్తో నువ్వే సాగనంపుతున్నావన్నాను. ఆయన తలుపు తీసుకుని వెళ్లి వ్యానులో కూర్చున్నాడు. నేనూ వెళ్లి పక్కన కూర్చున్నాను, చేసే నిర్వాకం కళ్లారా చూద్దామని.

ఆక్స్‌డెన్‌లో నాలుగైదు మంది ముసలాళ్లు బకెట్లతో తంటాలు పడుతున్నారు. గేటు దగ్గర పసుపు టోపీ పెట్టుకున్నవాడొకడు మా పారలు చూసి, మీ గొయ్యి మీరే తవ్వుకోవడానికి వచ్చారా అని పళ్లికిలించాడు. మా ఆయన వినిపించుకోలేదు. రోలరు దింపి పనిలో పడ్డాడు. దొర్లించడం, పిండటం, మళ్లీ దొర్లించడం. నీళ్లు పోవడం లేదేమిటా అని అంచున కాలువలో భుజం దాకా చెయ్యి పెట్టి కుళ్లిన ఆకులు లాగాడు. నేను గొడుగు కింద నిలబడి మనసులో ఆయన్ని తిడుతూనే ఉన్నాను. ఉన్నమాట చెప్పొద్దూ, మైదానం మధ్యలో పచ్చదనం తేలుతుంటే కళ్లు తిప్పుకోలేకపోయాను కూడా.

వాన తెరిపిచ్చింది. రిఫరీ వచ్చింది, పొడుగాటి పిల్ల. బంతిని ఎత్తునుంచి వదులుతూ మైదానమంతా తిరిగింది. బంతి మధ్యలో ఎగిరింది, పక్కల్లో ఎగిరింది. కొండవైపు గోలు ముందు మాత్రం చప్పున బురదలో పడి అక్కడే ఉండిపోయింది. మళ్లీ ఒకసారి వచ్చి చూస్తానని, అప్పటికీ ఇలాగే ఉంటే ఆట లేదని చెప్పి లోపలికెళ్లింది.

ఈ కబురూ ఎవరు చేరవేశారో, అదే అదనుగా నెవిల్ నాకు ఫోను చేశాడు. "చేసింది చాలు గ్లెనిస్. మంచితనమూ దక్కింది. ఇక అక్కడితో ఆపించు. ఎవరూ ఒక్క మాట అనరు." నిజమే అనిపించింది. ఆయన పరువూ నిలుస్తుంది, క్లబ్బూ నిలుస్తుంది. ఆ మాట చెప్పడానికే గోలు వైపు నడిచాను. దారిలో పసుపు టోపీవాడు మా పారల్లో ఒకటి పట్టుకుని నిలబడి పక్కవాడితో అంటున్నాడు, నేను వినాలనే అంటున్నాడు.

"చూస్తూ ఉండు, ఆ గోలు ముందు మాత్రం పైపైన గీకి వదిలేస్తాడు. ఊరికే వస్తారా వీళ్లు? నాటకం."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఒరేయ్ టోపీ," అన్నాను, "ఆయన నా మొగుడు. పెళ్లయినప్పట్నుంచీ చూస్తున్నాను, ఒక్క పని సగంలో వదిలిన పాపాన పోలేదు. నీ మైదానాన్ని వదులుతాడా?" అని వాడి చేతిలో పార లాక్కుని వెళ్లి ఆ గోలు ముందు నేలలో కసిదీరా దింపాను. మా ఆయన తలెత్తి చూశాడు. ఆశ్చర్యపోయినట్టు కూడా కనిపించలేదు మహానుభావుడు. "లోతుగా గుచ్చు. గుచ్చి కాస్త వెనక్కి ఊపు," అని మళ్లీ వంగి తన పని తను చేసుకున్నాడు.

గుచ్చాను. ఊపాను. బొక్కల్లోంచి నీళ్లు బుడబుడమంటూ లోపలికి దిగాయి. నడుం విరిగింది, చేతులు బొబ్బలెక్కాయి, లంగా అంచు బురదలో తడిసింది. టోపీవాడు కాసేపు గుడ్లప్పగించి చూసి, ఇసక బకెట్లు మోసుకొచ్చాడు. రిఫరీ తిరిగి వచ్చి బంతి వదిలింది. పెద్దగా ఎగరలేదు, కానీ ఎగిరింది. కాలితో దొర్లిస్తే ఆగకుండా దొర్లింది. ఆట ఉందని చెప్పింది.

ఇంటికి పోదామా అంది నా నోరు. కాళ్లు మాత్రం కదల్లేదు. పసుపు చొక్కాల మధ్య నిలబడి ఆట మొత్తం చూశాం. అప్పటికే లీగు గెలిచేసిన జట్టుతో ఆక్స్‌డెన్ ఆడుతోంది. సగం ఆట అయ్యేసరికి ఎవరికీ గోలు లేదు. అందరూ కప్పులు పట్టుకుని కొండవైపు గోలు వెనక్కి నడిచారు. మేమూ నడిచాం. డ్రా అయినా చాలు దేవుడా, మేం మిగులుతాం అనుకుంటూ నడిచాను. ఆట ఇక ముగుస్తుందనగా పక్కనుంచి ఒకడు బంతిని గోలు ముందుకి తోశాడు. పొద్దుటి బురదే ఉంటే అక్కడే కూరుకుపోయేది. కూరుకోలేదు. నేను పొడిచిన నేలమీద చక్కగా దొర్లుకుంటూ వచ్చింది. పసుపు చొక్కావాడు కాలు చాపాడు.

గోలు.

చుట్టూ అందరూ ఎగిరి గంతులేస్తుంటే మేమిద్దరం కొయ్యల్లా నిలబడ్డాం. నలభై ఏళ్లలో ఆయన కంట నీరు చూడటం నేను అదే మొదలు. విజిల్ మోగాక టోపీవాడు వచ్చి టోపీ తీశాడు. పొద్దున అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా అన్నాడు. ఉంచుకో, వచ్చే క్రిస్మస్‌కి పనికొస్తుంది అన్నాను. వచ్చే క్రిస్మస్‌కి వాళ్లతో మాకు ఆట ఉండదని అన్నాకే గుర్తొచ్చింది.

మా క్లబ్బు గదిలోకి అడుగుపెట్టేసరికి అందరూ ఉన్నారు. కబురు మాకన్నా ముందే కొండ దాటి వచ్చేసింది. జట్టంతా గోడవారన కూర్చుంది, జోయెల్ కిటికీ దగ్గర. నెవిల్ గ్లాసు బల్లమీద పెట్టి, ఏం సాధించావు డెస్, ఇన్నేళ్ల క్లబ్బుని నీ చేతులతో ముంచావు అన్నాడు. మా ఆయన టోపీ చేత్తో నలుపుతూ నిలబడ్డాడు. ఆయనకి మాటలు రావు. అందుకేగా నేనున్నది.

"ముంచింది సెప్టెంబరు నుంచి మనం ఓడిన ఆటలు," అన్నాను. "రోలరు ఈయన తీసుకెళ్లాడు. గోలు ముందు నీళ్లు దింపింది నేను. తిట్టాలంటే నన్ను తిట్టు. దిగిపోయాం, నాకూ కడుపు తరుక్కుపోతోంది. కానీ వాన పుణ్యమా అని మిగిలారని రేపు ఎవడైనా అంటే నేను బతకలేను. ఈ లోయలో ఇవాళ ఇలాంటి పని చేసిన క్లబ్బు ఇంకోటుంటే చూపించు."

నెవిల్ బల్లమీది గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

జోయెల్ లేచాడు. వాడు లేస్తే వెళ్లిపోతాడనే అనుకున్నాను, నెవిల్ కూడా అదే అనుకున్నట్టున్నాడు, మొహం పాలిపోయింది. వాడు తన కుర్చీ లాక్కొచ్చి మా ఆయన వెనక వేశాడు. బురద బట్టలతోనే ఆయన్ని భుజం పట్టి కూర్చోబెట్టాడు.

"జిల్లా లీగులో మైదానాలు దరిద్రంగా ఉంటాయంటారు," అన్నాడు. "మనది నువ్వే చూస్తావుగా బాబాయ్?"

మా ఆయన తలూపాడు.

"అయితే నేనుంటాను," అన్నాడు జోయెల్. ఆ మాటకి గోడవారనున్న పోస్ట్‌మన్ చెయ్యెత్తాడు, ఆ పక్కవాడూ ఎత్తాడు.