తరగని సీసా

కుట్టుపని చేసే ఆ తల్లికి వీధిలో ఒక పేరుంది, ఆమె కుట్టు పైకి కనిపించదని. కూతురి మూర్ఛ జబ్బును కూడా అలాగే కనపడకుండా కుట్టేసింది మహాతల్లి. పెళ్ళికి ముందే మూర్ఛ మాత్రల్ని బలం మాత్రల సీసాలోకి మార్చేసి, "మీ ఆయనకి తెలిసిందో, నీ కాపురం కూలినట్టే" అని పిల్ల చేత ఒట్టు వేయించుకుంది.

పెళ్ళయ్యాక కూడా నెలనెలా మాత్రలు తెచ్చి తానే పోసేది. తీరా మూత తీస్తే సీసా ఎప్పుడూ సగానికి పైగా నిండే ఉండేది.

"మాత్రలు ఎగ్గొడుతున్నావు కదూ! ప్రాణం మీదికి తెచ్చుకుంటావా?" అని కూతురి చెవి మెలిపెట్టేది.

"వేసుకుంటున్నానమ్మా, నీ మీద ఒట్టు" అని పిల్ల కిసుక్కున నవ్వేది. ఆ నవ్వుకి తల్లికి ఒళ్ళు మండేది.

అలాంటి పిల్ల ఊపిరితిత్తులకి చీము పట్టి, జ్వరంలో ఏదేదో కలవరిస్తూ ఆసుపత్రిలో పడింది. పెద్ద ఇంజెక్షన్ మొదలుపెట్టబోతూ డాక్టరమ్మ అడిగింది.

"ఇంకేమైనా మందులు వాడుతోందా?"

తల్లి చప్పున పక్కనున్న అల్లుడి వంక చూసింది. అల్లుడు వైరింగ్ పని చేసుకునే మనిషి, నోట్లో నాలుక లేనివాడు. అత్తగారి వంక ఒకసారి చూశాడు.

"బలం మాత్రలేనండి" అన్నాడు.

హమ్మయ్య అనుకుంది తల్లి. ఊపిరితిత్తుల మందుకీ ఫిట్స్ మాత్రకీ సంబంధమేమిటి, వేళకి మింగిస్తే చాలదా! మాత్ర వేళయ్యేసరికి అల్లుడు ఏదో పనున్నట్టు బయటికి వెళ్ళేవాడు. దేవుడే పంపుతున్నాడనుకుని ఆమె గబగబా మాత్ర మింగించేది.

ఒక్క మాత్రా తప్పలేదు. అయినా రెండు రోజులు తిరక్కుండానే ఫిట్స్ వచ్చాయి, ఒకటి ఆగేలోపు ఇంకొకటి. తల్లి ఇక తట్టుకోలేక సీసా డాక్టరమ్మ చేతిలో పెట్టి నిజం చెప్పేసింది.

"ఈ ఇంజెక్షన్ పడితే ఈ మాత్ర ఒంట్లో నిలవదమ్మా! ఎంత మింగించినా రక్తంలో దాని మోతాదు పడిపోతుంది. ముందే చెప్పుంటే వేరే మందు వాడేవాళ్ళం కదా!"

ఇంజెక్షన్ మార్చారు. చేయాల్సిందంతా చేశారు. సాయంత్రానికి పిల్ల లేదు.

వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయాక తల్లి అల్లుడి ముందు కూలబడింది.

"నేనే చంపుకున్నాను బాబూ. నీ దగ్గర దాచి, దాచి..."

"నాకు తెలుసు అత్తయ్యా."

ఆమె తలెత్తింది.

"పెళ్ళికి ముందే చెప్పింది. 'ఒట్టు తప్పానని తెలిస్తే అమ్మ బాధపడుతుంది, నీకు తెలుసని మాత్రం బయటపడకు' అంది. మీరు రావడం ఆలస్యమైతే ఎలాగని నేనూ కొన్ని తెచ్చి అందులో పోసేవాణ్ణి. ఆ రోజు డాక్టరమ్మ అడిగినప్పుడు నోటిదాకా వచ్చింది. మీరు పక్కనే ఉన్నారు కదా అని..."



సీసా ఇన్నాళ్ళూ ఎందుకు తరగలేదో, పిల్ల ఎందుకు నవ్వేదో ఆమెకి అప్పటికి తెలిసింది. ఆ చెవిని మెలిపెట్టిన చేతిని నోటికి అడ్డం పెట్టుకుని, గుండె పగిలేలా ఏడ్చింది.