పిప్పి కడిగిన నీళ్లు

మా ఆయన వెర్లిన్ పదకొండేళ్లుగా గ్యారేజీలో బీరు కాస్తున్నాడు. మొదటి ఏడేళ్లూ ఆయన కాచినదాన్ని బీరనడం మొహమాటానికే. మొలకెత్తించి ఎండబెట్టిన మాల్టు బార్లీ పన్నెండు పౌండ్లు మరపట్టి, వేడి పోకుండా ఉండే పాత పిక్నిక్ కూలర్ పెట్టెలో వేడినీళ్లతో గంటసేపు నానబెట్టేవాడు. అంతవరకూ బాగానే ఉండేది. ఆ తర్వాత గింజల్లో మిగిలిన తీపిని కడిగి దించాలి కదా, అక్కడ వచ్చేది చిక్కు. బకెట్టు వేడినీళ్లు ఒక్కసారిగా గుమ్మరించి, కింద కుళాయి బార్లా తిప్పేసేవాడు. గింజలోని తీపిలో నూటికి అరవై వంతులు దిగితే గొప్ప. మిగతాదంతా పిప్పితోపాటు పక్కింటివాళ్ల కోళ్లకు పోయేది.

"కోళ్లు మాత్రం నీ చేతివంటకి పడి చస్తున్నాయి" అనేదాన్ని. ఆయనకు నవ్వొచ్చేది కాదు.

నేను ముప్పై ఒక్కేళ్లు చీజ్ ఫ్యాక్టరీలో పాలు పరీక్షించినదాన్ని. రిటైరైన చలికాలం ఊరికే ఉండలేక గ్యారేజీలో స్టూలు వేసుకుని కూర్చున్నాను. తప్పెక్కడుందో మొదటి శనివారమే తెలిసిపోయింది. నీళ్లు ధారగా పోస్తే గింజల మధ్య ఏదో ఒక దారి చేసుకుని చక్కా జారిపోతాయి. పక్కనున్న తీపి పక్కనే ఉండిపోతుంది. పైన చిల్లుల మూత పెట్టి దానిమీద నీళ్లు చల్లాను. మా విస్కాన్సిన్ బావినీళ్లలో సున్నమెక్కువ కాబట్టి నాలుగు చుక్కలు పులుపు కలిపాను. కుళాయి సన్నగా తిప్పి, యాభై నిమిషాలు దాని పక్కనే కూర్చున్నాను. నూటికి ఎనభై నాలుగొచ్చింది.

అంతకన్నా ముఖ్యమైనది నా టీ చెంచా. ఆఖరి పావుగంటా కుళాయి కింద చెంచా పట్టి రుచి చూస్తూ ఉండేదాన్ని. తీపి పలచబడుతుంది. ఉన్నట్టుండి నాలుక అంచున వగరు తగులుతుంది. గింజల్లో ఇంకా కొంచెం తీపి మిగిలి ఉన్నా సరే, అక్కడ ఆపేయాలి. ఆ తర్వాత దిగేది పొట్టులోని వగరు. అది ఒకసారి దిగిందంటే ఎంత మరిగించినా పోదు.

ఆ యాభై నిమిషాలూ వెర్లిన్ లోపల ఫుట్‌బాల్ చూసేవాడు. ఆట మధ్యలో తల బయటపెట్టి "ఎంతొచ్చింది?" అనేవాడు. నేను చెప్పిన అంకె తన నోటు పుస్తకంలో రాసుకునేవాడు. ఇదంతా తను కొన్న కొత్త కూలర్ చలవే అని ఆయన నమ్మకం.

ఆ ఏడాది మా ఊరి క్లబ్బు పోటీకి ఫారం నింపుతుంటే వెనక నిలబడి చూశాను.

"రెండో గీత కూడా ఉంది చూడు. తోడుగా కాచినవాళ్ల పేరు రాయమని."

"నువ్వేం కాచావే? కుళాయి దగ్గర కూచున్నావు. దానికీ పేరేనా?"

"అయితే ఒక్క శనివారం నువ్వు కూచో, చూద్దాం."

"నాకంత ఓపికెక్కడిది."

మరుసటి ఏడాదీ అడిగాను, ఆ మరుసటి ఏడాదీ అడిగాను. ఆ గీత ఖాళీగానే వెళ్లింది. అరవై ఆరేళ్లొచ్చాక మనిషికి పెద్ద కోరికలేం ఉంటాయి? ఆ ఒక్క గీతమీద నా పేరుంటే చాలనుకున్నాను. అదీ లేకపోయింది.

నాలుగో ఏడు మా బీరుకు మొదటి బహుమతి వచ్చింది. గెలిచిన బీరును ఊళ్లోని పబ్బువాళ్లు తమ పెద్ద తొట్లలో కాస్తారు. ఆ రోజుకి గెలిచినవాడిదే పెత్తనం. బీరు అయిపోయేదాకా పబ్బులో దాన్ని పోసే కుళాయి పైన నల్లబల్లమీద అతని పేరుంటుంది. బహుమతి అందుకుని వెర్లిన్ మైకు పట్టుకున్నాడు.

"ఇందులో రహస్యమేం లేదండీ. ఎనభై నాలుగు శాతం. చివరి బొట్టుదాకా పిండుకోవాలి, అంతే. ఆ, మా ఆవిడ గిన్నెలు తోముతుంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఒళ్లు మండిపోయింది.

కాచే రోజు నన్నూ వెంట తీసుకెళ్లాడు. చెంచా నా సంచిలోనే ఉంది. పబ్బులో బీరు కాసే అమ్మాయి టెస్. పని తెలిసిన పిల్ల. కడగడం మొదలుపెట్టిన గంటకి కుళాయి దగ్గర ఆగింది.

"పెద్దాయనా, పలచబడిపోయింది. ఆపేద్దామా?"

"ఎంతొచ్చింది?"

"డెబ్బై తొమ్మిది."

"నా గ్యారేజీలో ఎనభై నాలుగు. ఇంత తొట్టి పెట్టుకుని నీకు ఆ మాత్రం రాదా? పొయ్యమ్మా, పొయ్యి. నీళ్లు ఇంకాస్త వేడిగా పొయ్యి."

టెస్ చిన్న కప్పు పట్టి నా చేతికిచ్చింది. "మీరు చూడండాంటీ. ఏమంటారు?"

రుచి చూశాను. అప్పటికే వగరు దిగుతోంది. ఆ సంగతి నాకు తెలుసు, నా మొహం చూసి నాకు తెలుసని ఆ పిల్లకీ తెలిసిపోయింది. నాలుగేళ్ల కోపమంతా ఆ కప్పులోకి వచ్చి కూర్చుంది.

"గెలిచింది ఆయన కదా" అన్నాను. "ఆయన చెప్పినట్టే కానియ్యి."

"విన్నావుగా" అన్నాడు వెర్లిన్.

ఎనభై ఆరొచ్చింది. ఆయన ఆ అంకెను ఫోటో తీసుకున్నాడు.

మే నెలలో కుళాయి తెరిచిన సాయంత్రం క్లబ్బంతా వచ్చింది. అందరూ ఒక గుక్క తాగి గ్లాసులవంక చూసుకున్నారు. నానిన టీ సంచి నమిలినట్టుంది.  ఒకాయన మంచినీళ్లడిగాడు. అబద్ధమెందుకు, నా కడుపు చల్లబడింది. ఇప్పుడు చెప్పుకో నీ ఎనభై ఆరు సంగతి, అనుకున్నాను.

వెర్లిన్ గ్లాసు కింద పెట్టాడు. 

"అసలు నిజం చెప్పాలంటే, కడిగే పనంతా మార్లిస్‌ది. నాలుగేళ్లుగా ఆవిడే చేస్తోంది. పాపం ఏటా అడిగేది, నేనే పేరు రాయలేదు. తప్పు నాదే." లేచి వెళ్లి, నల్లబల్లమీద తన పేరు మోచేత్తో తుడిచేసి, సుద్దముక్కతో నా పేరు రాశాడు.

చప్పట్లు కొట్టారు. ఎవరో నా భుజం తట్టి, "ఫర్లేదు మార్లిస్, ఇంత పెద్ద తొట్టి నీకు మొదటిసారి కదా" అన్నారు.

నోరు తెరిచాను. ఇది నేను కడిగింది కాదు, నేనైతే డెబ్బై తొమ్మిది దగ్గరే ఆపేసేదాన్ని అని చెప్పాలి. కౌంటరు వెనకనుంచి టెస్ నావంకే చూస్తోంది. ఆ రోజు నా చేతికి కప్పిచ్చిన పిల్ల.

"థాంక్స్" అన్నాను.

ఆ బీరు రెండో గ్లాసు అడిగినవాళ్లు లేరు. అందుకని ఆగస్టు దాకా మిగిలింది. అన్నాళ్లూ నా పేరు కుళాయి పైనే ఉంది, రోడ్డుమీద వెళ్లేవాళ్లకి కూడా కనిపించేంత పెద్ద అక్షరాలతో.