హమ్మింగ్‌బర్డ్‌కి హీట్ ల్యాంప్

నవంబరు రెండో వారంలో, కెనడాలోని మార్కమ్‌లో, తను అద్దెకుండే ఇంటి పెరట్లో, అందరూ తియ్యడం మరిచిపోయిన పంచదార నీళ్ల ఎర్ర ఫీడర్ మీద హమ్మింగ్‌బర్డ్ కనిపిస్తే మొదట భవిత నమ్మలేదు. అవన్నీ సెప్టెంబరులోనే దక్షిణానికి వెళ్లిపోతాయి. పైగా ఇది ఇక్కడి ఆకుపచ్చ పిట్ట కాదు, ఒళ్లంతా ఇటుక రంగు. ఫోన్‌లో ఫొటో తీసి వెతికితే, పడమటి తీరాన ఉండాల్సింది దారి తప్పి వచ్చిందని తేలింది. సంబరంగా వెళ్లి ఇంటి ఓనర్ ప్రభుదాస్‌కి చెప్పింది. అదే ఆమె చేసిన బుద్ధితక్కువ పని.

మర్నాటికల్లా ప్రభుదాస్ ఫీడర్ పక్కన హీట్ ల్యాంప్ బిగించాడు. ఆ గోడకు అవతల, బేస్‌మెంట్‌లో, భవితతో కలిపి ఆరుగురు ఆడపిల్లలు కోట్లు వేసుకుని చదువుకుంటున్నారు. వాళ్ల హీటర్‌ని పైనుంచి ఆపేసినవి కూడా ఆ చేతులే. "డిసెంబరు దాకా ఎందుకమ్మా, స్వెటర్లు వేసుకోండి" అన్నాడు. ఆ సంవత్సరం కాలేజీల్లో సీట్లు దొరికినంత తేలిగ్గా గదులు దొరకడం లేదు కనుక అందరూ నోరు మూసుకున్నారు. వాళ్లలో సరోజన పది రోజులుగా దగ్గుతోంది. ఆ దగ్గు విన్నప్పుడల్లా భవితకు ఒళ్లు మండిపోయేది.

శనివారం చర్చివాళ్లు పిట్టను చూడ్డానికి వస్తారని ప్రభుదాస్ ముందే హెచ్చరించాడు.

"ఏవమ్మా భవితా, మీరు తలుపేసుకుని లోపలే ఉండండి. ఆరుగురున్నారని తెలిస్తే బాగోదు."

లోపలే ఉన్నారు. పెరట్లోకి తెరుచుకునే తలుపు పలచన, మాటలన్నీ వినిపించాయి. ప్రభుదాస్ గొంతు సవరించుకుని, దేవుడు తనకు చేసిన మేలు నలుగురికీ చెప్పే సాక్ష్యం మొదలుపెట్టాడు.

"తెల్లారగానే ప్రార్థన చేసుకుని కిటికీ తీశానండి. నా కళ్లకే ముందు కనపడింది. దారి తప్పిన ప్రాణి నీ గుమ్మానికొచ్చింది, వెచ్చగా చూసుకో అన్నాడు ప్రభువు."

అందరూ స్తోత్రం అన్నారు.

భవిత పళ్లు కొరికింది. చూసింది తను. రోజూ పొద్దున్నే పంచదార నీళ్లు మార్చేది తను. చివరికి దేవుణ్ణి కూడా అబద్ధంలోకి లాగాడు పెద్దమనిషి.

అంతలో ప్రభుదాస్, ఆదివారాలు చర్చిలో అడిగే అలవాటు కొద్దీ అడిగేశాడు. "ఇంకెవరైనా సాక్ష్యం చెప్తారా?"

భవిత తలుపు తీసింది.

"నేను చెప్త అంకుల్."

రెండు కోట్లు, ఉన్ని టోపీతో బయటికొచ్చింది. వెనకే దగ్గుకుంటూ సరోజన, ఆ వెనక మిగతా నలుగురు.

"ఈ పిట్టను ముందుగాల చూసింది నేను. అంకుల్‌కు చెప్పింది నేను. దానికి ల్యాంప్ పెట్టిన్రు, మంచిదే. కింద మేం ఆరుగురం ఉన్నం. మాకు హీటర్ బంద్ చేసిన్రు. మేం గూడ చాన దూరంకెల్లే వచ్చినం. ఇదే నా సాక్ష్యం."

ఈసారి ఎవరూ స్తోత్రం అనలేదు. ప్రభుదాస్ ముఖం మాడిపోయింది.

"నెలాఖరుకి అందరూ ఖాళీ చేసెయ్యండి" అన్నాడు గొంతు తగ్గించి.

భవిత కదల్లేదు. అన్న మాట వెనక్కి తీసుకునేంత చల్లగా లేదు ఆమె కోపం.

గుంపు వెనక నుంచి ఒక్క గొంతు వినిపించింది. "ఆమెన్."

ప్రభుదాస్ భార్య జ్ఞానవతి. టీ కప్పుల ట్రే పట్టుకుని నిలబడి ఉంది.

"నువ్వేంటి మధ్యలో?"

"సాక్ష్యం చెప్పమన్నది మీరే కదండీ. ఆ పిల్ల చెప్పింది, నేను ఆమెన్ అన్నాను. వెళ్లి హీటర్ వేసి రండి. మీరొచ్చేదాకా మేమంతా ఇక్కడే ఉంటాం."

ప్రభుదాస్ చుట్టూ చూశాడు. పిట్ట ఫీడర్ మీదే ఉంది. దాన్ని చూస్తున్నవాళ్లు ఒక్కరూ లేరు.