ఈల వెనక దగ్గు

ఆదివారం పొద్దున్నే ఫ్లాస్కుల్లో వేడినీళ్ళు పోసి కడగడం నా మొదటి పని. మా ఆయన కాలేజీలో జంతుశాస్త్రం చెబుతారు, ఊళ్ళో అందరికీ పక్షుల సార్. ఆయన వెంట మడుగు దగ్గరికి కెమెరాలతో వచ్చేవాళ్ళకి టీ, బ్రెడ్డు ముక్కల మధ్య గుడ్డు. "మేడమ్ గారి టీ కోసమైనా రావాలి సార్" అంటారు వాళ్ళు. మేడమ్ గారికి కూడా పిట్టలు తెలుసేమోనన్న అనుమానం ఇంతవరకూ ఒక్కరికీ రాలేదు.

నాకు తెలిసింది చెవితో. చలికాలం మొదలవగానే ఆ మడుగు రెల్లులోకి ఒక గోధుమరంగు పిట్ట వస్తుంది. ఎన్ని దేశాలు దాటి వస్తుందో గానీ వచ్చాక ఎవరి కంటా పడదు. పెళ్ళయిన కొత్తలో మేమిద్దరం దానికి దొంగపిట్ట అని పేరు పెట్టుకున్నాం. దానికి రెండు కూతలు. 'ఇది నా చోటు, ఇంకెవరూ రావద్దు' అంటూ చివర పైకి లేచేది ఒకటి. డేగ నీడ పడితే 'పారిపోండి' అంటూ సన్నగా కిందికి జారేది ఒకటి. అంట్లు తోముతూ తోముతూ రెండూ ఈలలో పట్టేశాను. "కొంపలో ఆడది ఈలలేమిటే, సందు చివర పోకిరీలాగా" అని అత్తయ్య దగ్గుకీ దగ్గుకీ మధ్య తిట్టేది. ఆ ఇంట్లో నా ఈల బాగుందన్నది ఆయనొక్కరే. కిందటి వానాకాలం వంటింటి గుమ్మంలో నిలబడి, "ఏదీ, మళ్ళీ వెయ్యి" అంటూ ఫోన్లో రికార్డు చేసుకున్నారు. ఎందుకండీ అంటే, "కాలేజీలో విసుగొచ్చినప్పుడు నీ గొంతు వినాలనిపిస్తుంది" అన్నారు. కరిగి నీరైపోయాను. చేతుల నిండా సబ్బు నురగతో ఆ మొదటి కూతే మళ్ళీ మళ్ళీ వేశాను. ఈ వయసులో ఆ మురిపెం ఏమిటో!

ఈ ఆదివారం గట్టు మీద కప్పులు సర్దుతుంటే కూత వినిపించింది. వెంటనే రెల్లులోంచి జవాబు. ఈ ఏడు రెండు వచ్చాయన్నమాట! ప్రాణం లేచొచ్చింది. మళ్ళీ కూత, మళ్ళీ జవాబు. మూడోసారి కూత చివర ఎవరో దగ్గారు. దగ్గి, "హుఁ" అని మూలిగారు. కాపురానికొచ్చిన రోజు నుంచీ నేను వింటున్న దగ్గు అది. అత్తయ్యేమో ఇంట్లో మంచం మీద ఉంది.

కప్పు అక్కడే పెట్టి వెళ్ళి చూశాను. కర్రకి చిన్న స్పీకరు కట్టి ఉంది. దాని ఎదురుగా, ఏనాడూ బయటికి రాని దొంగపిట్ట రెల్లు కొసమీద ఈకలన్నీ ఉబ్బించుకుని, లేని శత్రువు కోసం వెతుక్కుంటోంది. కెమెరాలు టకటకా కొట్టుకుంటున్నాయి. "ఈ కూత కోసం మూడు చలికాలాలు ఈ బురదలో పడుకున్నానండీ" అంటున్నారు మా ఆయన. "మధ్యలో ఆ దగ్గేమిటి సార్?" అని ఒకాయన అడిగాడు. "నాదే. అప్పుడు జలుబు" అన్నారు, తడుముకోకుండా.

నా పేరు చెప్పలేదని కాదు నా ఏడుపు. ఆ పిట్ట అలిసిపోయి వస్తుంది, నాలుగు పురుగులు తిని ఒళ్ళు చేసుకోనివ్వాలి, దాన్ని కదిలించకండి అని ఆయనకి చెప్పిందే నేను. అదే మాట ఆయన సభల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నారు. ఇప్పుడది తిండి మానేసి నా ఈలతో పోట్లాడుతోంది. నా గొంతు వినాలనిపిస్తుందన్న ఆ ఒక్క మాటని నేనెంత దాచుకున్నానో, ఎన్ని రోజులు దాంతో కడుపు నింపుకున్నానో తలుచుకుంటే ఒళ్ళు మండిపోయింది. ఇంతలో స్పీకరు గురగురమని ఆగిపోయింది. ఆయన గబగబా నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు.

"ఏమోయ్, ఛార్జింగ్ అయిపోయింది. నువ్వా పొద చాటుకి వెళ్ళి ఒక్కసారి వెయ్యి. ఎవరికీ కనపడకు."

పొద చాటుకి వెళ్ళలేదు. చీరకొంగుకి చేతులు తుడుచుకుని అందరి ముందుకీ వచ్చి నిలబడ్డాను. ఈల వేశాను. పైకి లేచేది కాదు, కిందికి జారేది. పిట్ట చటుక్కున రెల్లులోకి మునిగి, నీటికి తగిలీ తగలకుండా ఎగిరి అవతలి గట్టుకి వెళ్ళిపోయింది.

"ఆ స్పీకర్లో కూత కూడా మీదేనా మేడమ్?" అన్నాడు దగ్గు గురించి అడిగినాయన. నేను తల ఊపాను.

మా ఆయన ముఖం ఎర్రబడింది. ఫోన్లో ఒక్కటే ఉంది కాబట్టి రెండో కూత ఉందన్న సంగతే ఆయన మర్చిపోయారు.

"ఏం చేశావు? పిలవమన్నాను కదా నిన్ను!"

"పిలవలేదండీ. మిమ్మల్ని నమ్మొద్దని చెప్పాను."